మేకులు కొట్టిన కిటికీ

చెంగలరావుపేటలో మూడో సందు.
నా సంచిలో కఫం డబ్బాలు ఆరు, జ్వరం పుల్ల ఒకటి,
అట్ట చినిగిన రిజిస్టరు.
రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికైనా ఉందా అని
గడపగడపకీ అడగడం నా ఉద్యోగం.
"ఇంకా అదే గోలేటమ్మా" అంటాడు టీ బండి సూర్రావు.
"అదెప్పుడో ఎల్లిపోనాది కదేటి!"

వెళ్ళిపోయిన మాట నిజమే.
పోతూ పోతూ మాస్కుల్ని
ఆటో అద్దాలకి తగిలించి పోయింది.
బడి గోడ మీద చేతులు కడిగే బొమ్మకి
వేళ్ళ దగ్గర సున్నం రాలింది.
బొమ్మ కింద కుళాయి
అప్పుడూ బుసకొట్టేది, ఇప్పుడూ బుసకొడుతుంది.

నూకరత్నం ఇల్లంటే ఒక్క గది.
ఆరుగురు మనుషులు, ఒక గ్యాసు పొయ్యి,
అమ్మగా మిగిలిన చేపల తట్ట,
ఒక కిటికీ. దానికి నాలుగు మేకులు.
అవతల హార్బరు.
గాలి అటునుంచి మళ్ళిన రోజు
అన్నం మీద బొగ్గుపొడి,
ఆరేసిన స్కూలు చొక్కా మీద బొగ్గుపొడి,
ఉయ్యాల్లో పిల్ల ముక్కుపుటాల్లో బొగ్గుపొడి.
మేకులు కొట్టింది ఆవిడ మొగుడే.
ఆ రెండో వేసవిలో కేజీహెచ్‌కి వెళ్ళినవాడు
వాటిని పీకడానికి తిరిగి రాలేదు.

ఆ వేసవిలోనే, ఇదే సందులో నిలబడి
కిటికీలు తెరవండి, గాలి ఆడనివ్వండి అని
మైకులో చెప్పింది నేనే.
"తీత్తే బొగ్గు, మూత్తే రోగం.
ఏ గాలి పీల్చమంతావే అమ్మీ?" అంది నూకరత్నం.
నాకిచ్చిన కాగితంలో ఆ ప్రశ్న లేదు.
మైకు ఆపి పక్క సందుకి నడిచాను.

ఇప్పుడు మనవడు దగ్గుతున్నాడు. పన్నెండో రోజు.
ఆరేళ్ళ గుంటడు.
మోచేతిలోకి దగ్గరా అంటే
మోచెయ్యి చూపించి మరీ నా మొహం మీద దగ్గాడు.
నవ్వాను.
ఒక అడుగు వెనక్కి వేసి నవ్వాను.
ఆ అడుగు ఆ రోజుల్లో నేర్చుకున్నది,
కాళ్ళు మరిచిపోలేదు.

మర్నాడు వడ్రంగి దాలినాయుడిని వెంటబెట్టుకెళ్ళాను.
ముందు తలుపు మీది వెంటిలేటరు:
ఎవరో అట్టముక్క దిగేసి, దాని మీద
ఏనాటిదో కేలండరు వేలాడదీశారు.
అట్ట ఊడగానే సందులోంచి
సముద్రం వాసన లోపలికి తొంగిచూసింది.
తర్వాత కిటికీ.
మొదటి మేకు కీచుమంటే
నూకరత్నం మొహం అటు తిప్పుకుంది.
నాలుగోదానికి ఇటు తిరిగి, తనే చెప్పింది:
"గడియెట్టు నాయుడూ.
సంద్రం గాలి లేసినంతసేపూ తీసుంచుతాను,
హార్బరు గాలి మళ్ళిందా, మూసేత్తాను.
ఏ గాలి ఎప్పుడు తిరుగుద్దో
చేపలోళ్ళకి ఒకరు చెప్పాలేటి?"

నేనేమీ చెప్పలేదు.
ఇన్నాళ్ళూ నేను అడగాల్సిన మనిషి
నన్నే అడుగుతూ కూచుంది.

పదిహేనో రోజుకి గుంటడి దగ్గు తగ్గింది.
గాలి వల్లో, మందు వల్లో, దానంతటదేనో.
పైకి రాసేటప్పుడు నా గొప్పగా రాయలేను.
వంకర తిరిగిన మేకులు నాలుగూ
సబ్బు డబ్బాలో దాచింది ఆవిడ.
ఎందుకని నేను అడగలేదు.

రిజిస్టరులో జ్వరానికి గడి ఉంది,
దగ్గుకి ఉంది, కఫానికి ఉంది.
కిటికీకి లేదు.
అంచున, ఖాళీలో, చిన్న అక్షరాలతో రాశాను:
గడియ ఒకటి. మూడొందలు. నాయుడికి ఇంకా యాభై బాకీ.