నల్లా వచ్చే రోజు

తల్లిని చూసి పిల్లను తెచ్చుకోమన్నరు గద,
అందుకే ముందుగాల తల్లిని చూపియ్యమన్న.
కొత్తపేటల, మూడో అంతస్తుల,
అమ్మేటాయన మొఖం చిట్లించిండు.
ఫోన్ల ఫోటో చాలదా అక్కా?
పాలమూరు డిపోల పద్దెనిమిదేండ్లు చిల్లర లెక్కవెట్టినదాన్ని,
నోటును వెలుగుకు పట్టకుంట తీసుకుంటనా!

తల్లి బీరువా మీదికెల్లి దుంకింది,
నా చెయ్యి వాసన చూసి, పర్వాలేదన్నట్టు కూసుంది.
పిల్లలు మూడు.
ఒకదానికి చుక్కలు అచ్చు గుద్దినట్టున్నయి,
దానికి అప్పటికే బయానా పడ్డది.
ఒకటి మూలకు ఒదిగి తుమ్ముతున్నది.
మూడోదాని చుక్కలు చెదిరినయి,
తొలి చినుకులు బండ మీద రాలినట్టు.
అది వచ్చి నా చెప్పు పట్టీ కొరికింది.
కండ్లల్ల పుసి లేదు. సూదులేసిన కార్డు ఉన్నది.
రెండు నెలల జీతం పాయె.

బస్సుల, ఒళ్ళె బుట్ట పెట్టుకొని వచ్చిన.
జడ్చర్ల దాంక ఒకటే అరుపు.
పిల్లి అరుపు గాదది,
గడియవెట్టిన తలుపు అవతల పసిపోరి పంచాయితీ.
కండక్టర్ పిలగాడు నన్ను గుర్తువట్టి నవ్విండు.
నాకు జీరో టికెట్,
సుక్కకు పైసల టికెట్.
ఆ ముక్క ఇంకా అద్దం ఎనక దాచి ఉంచిన.

పాలు పొయ్యకు, కడుపు చెడుతదన్నది డాక్టరమ్మ.
కోడి గుండెకాయలు ఉడకవెట్టి,
ఉప్పు లేదు కారం లేదు, సల్లార్చి పెడుత.
వారం నేను పప్పు తిన్నా దానికి తప్పది.
కిటికీకి జాలి కొట్టించిన.
వాసానికి నులక చుట్టిన, గోర్లు గీరుకోవాలె గద.
రాత్రి అచ్చంపేట ట్రిప్పు దిగి తాళం తీస్తనో లేదో
అటక మీదికెల్లి భుజం మీద పడుతది.
టికెట్ మిషన్ల మిగిలిన కాగితపు చుట్ట దారానికి కట్టి
ఇంట్లనే ఇంకో ట్రిప్పు కొడుత,
వాకిలి నుంచి వంటర్ర, వంటర్ర నుంచి వాకిలి.
ఆడియ్యకుంటే పొద్దుగాల నా యూనిఫాం గుండీలు ఉండయి.

ఒక మాపటికి గోడ మీద కూసున్నది.
ఎనకింటి బుచ్చిలింగం చూసి, చిరుత! అని ఒర్రిండు.
గల్లీ మొత్తం కట్టెలతోని దిగింది.
వాళ్ళను ఏమనలేను, గుట్ట మీద అసలుదే తిరుగుతున్నది గద.
ఫారెస్టు నుంచి తుల్జా నాయక్ వల పట్టుకొని వచ్చిండు.
సుక్క పోయి ఆయన బూటు మీద పొర్లింది.
ఆయన వల మడిచి, చాయ తాగి,
“దీని తోక చిరుతకు సరిపోదమ్మా” అన్నడు
చానా గంభీరంగ.
ఆ తెల్లారి సంది ఛాతికి పట్టీ ఏసే బయటికి తీస్తున్న.

గిది ఒక్కటే నాకు సమజ్ గాలే:
నల్లా మూడు రోజులకొకపారి వచ్చే ఇంట్ల
నీళ్ళంటే పానమిచ్చే పిల్లి ఎట్ల పడ్డది?
బకెట్ నిండుతుంటే పంజా ముంచుతది,
ధారను పట్టుకోవాలని చూస్తది,
ఒకనాడు నిండు బకెట్ బోర్లేసింది.
చెయ్యెత్తిన.

మా నాయిన ఎక్కడెక్కడి ఊర్లకో పోయి కాలువలు తవ్వేటోడు.
ఇంట్ల నీళ్ళు చెంబుతోని కొలిచి పోసేటోడు.
ఏడేండ్లప్పుడు గిలాసెడు ఒలకవోస్తే
కొట్టిన దెబ్బ,
గా చెంపకు ఇంకా ఎరికే.
తర్వాత ఆయనే ఇంటెనక కూసున్నడు, బువ్వ తినలే.

ఎత్తిన చెయ్యి ఏంజేయాల్నో తెల్వక
అట్లనే దాని వీపు నిమిరింది.

ఇప్పుడు దాని తాంబాళం దానికే, రెండు చెంబులు.
ఆడినంక ఆ నీళ్ళు కరెపాకు చెట్టుకు.
నల్లా వచ్చే రోజు ముందే ఎట్ల తెలుస్తదో,
పైపు సప్పుడు గాకముందే పోయి కూసుంటది.
నేను గూడ పీట ఏసుకుంట పక్కన.
ముందు గాలి వస్తది, బుస్సుమని,
తర్వాత తుప్పు రంగు,
తర్వాత.
ఇయ్యాల చూసేటోళ్ళు ఎవ్వరూ లేకుండె,
నా చెయ్యి గూడ పెట్టిన ధార కింద,
కాసేపు.