వేడి చేసిందన్నారు

తెల్లబట్ట అవతా ఉందంటే
వేడి చేసిందన్నారు.
సబ్జాగింజలు నానబెట్టుకోని తాగినాను.
పొత్తికడుపులో సూదులు దించినట్టుందంటే
బంగారుపాళ్యెం ఫ్యాక్టరీలో పొద్దస్తమానం నిలబడి
కాయలు కోస్తావు గదా, అదేలే అన్నారు.
ఒంటికి పోతే మంట.
బొడ్డులో ఆముదం ఏసుకోని పండుకోమనింది
మా అత్త కుప్పమ్మ.
పండుకున్నాను.
అదీ పండుకునింది, లోపల.

రెండేండ్లు ఏ బాధా లేదు.
పోయిందిలే అనుకుంటి.

తోతాపురి కాయ ఉంటాది,
నున్నంగా, ఒక్క మచ్చ లేకుండా.
కత్తి దించితే టెంకలో నల్లపురుగు నడస్తా ఉంటాది.
యాడ దూరిందో
కండలో దారే కనపడదు.

నెల తప్పింది.
అత్త వక్కాకు పంచింది.
ఏడో వారం
బెల్టు పక్కన కూలబడితే
చిత్తూరు పెద్దాసుపత్రి, ఆడినుంచి తిరుపతి,
నూటెనిమిది బండిలో
కాణిపాకం మలుపు దాకానే నాకు తెలివుండింది.
బిడ్డ గూటికి చేరలేదంట.
దారిలోనే ఆగి, దారినే పగలగొట్టిందంట.
ఒక ట్యూబు తీసేసినారు.
ఇంకోటుంది. అతుక్కోనుంది.

సురక్ష క్లినిక్కులో హంసవేణి మేడం
తలుపు దగ్గరికేసి అడిగింది:
మీ ఆయనకెప్పుడన్నా మంట, చీము?
అబ్బే, అన్నాను.
గుడ్డ మీద ఈగను తోలినట్టు అనేసినాను.

ఇద్దురూ మింగాల,
ఒకరు మింగితే మళ్లీ వస్తాది, అని
రెండు పొట్లాలు చేతిలో పెట్టింది.

దొరసామిది దొరసామికిద్దామని
లారీ ఎక్కినాను.
ఆయప్ప లేడు, టీకి పోయుండాడు.
అద్దం పైన అరలో పెడదామంటే
టోలు రసీదుల నడుమ మందులషాపు బిల్లు.
హోసూరుది.
నాకు ఇంగ్లీషు చదవను రాదు.
బిల్లూ పొట్లమూ పక్కపక్కన పట్టుకోని
అచ్చరం తర్వాత అచ్చరం
ముగ్గు చుక్కలు సరిచూసినట్టు చూసినాను.
ఒకటే మందు.
అంకెలు వస్తాయి నాకు.
మూడేండ్ల కిందటి తేదీ.
గంగజాతర వారం.

ఆయప్పకు నయమైంది.
చెప్పల్యా.
నేను బొడ్డులో ఆముదం పోసుకుంటా ఉంటే
మంచం కోడు పక్కన కూచోని
బార్లీ నీళ్లు తాగుమే,
వేడి, అన్నాడు.

బిల్లు మీద పొట్లం పెట్టి
స్టీరింగు ముందర పెట్టినాను.
కాయలు ఇంకా పదైదు దినాలొస్తాయి.
తెల్లారి షిఫ్టు నాది.