ఉన్ని ఆలస్యంగా కాలుతుంది

ఈ ఏడు కూడా బొమ్మ కుట్టే పని నాదే.
ఈస్టరు ముందు శనివారం. క్రీటు కొండల్లో ఇంకా చలి.
గుడి ముందు పిల్లలు కట్టెలు పేరుస్తున్నారు,
సగం దొంగ కట్టెలే.
ఈ ఒక్క వారం పాదిరిగారికి చూపు ఆనదు.

వాడి పేరు మా ఊళ్ళో ఎవరూ పలకరు.
ముప్పై వెండి నాణేల వాడు, అంతే.
వెండి నా పేరులోనూ ఉంది. అర్గిరో అంటే వెండే.
నేను కోరి పెట్టుకున్న పేరు కాదు.

గడ్డి కూరాను. గోనెసంచి తలకి
బొగ్గుతో కళ్ళు దిద్దాను.
"అత్తా, పాత కోటేమైనా ఉందా?"
మేయరు మనవడు అడిగాడు.
ఉంది.
మొన్న చలికాలంలో పోయిన మా అన్న సీఫిస్‌ది.

చెప్పేదేముంది, ఊరందరికీ తెలుసు.
తెలుసు కనకనే ఎవరూ చెప్పరు.
జర్మను సిపాయిలు వచ్చిన వేసవి.
కళ్ళం గోడకి నలభైముగ్గురు మగవాళ్ళని నిలబెట్టారు.
మా నాన్న ముప్పై ఒకటోవాడు. నేను లెక్కపెట్టాను,
అంకెలు బాగా వచ్చింది ఆ రోజే.
వాళ్ళకి కావలసింది ఒక్కడు:
గుహలో రేడియో దాచిన
జున్నువాళ్ళ మానూసోస్.
మిట్టమధ్యాహ్నం దాకా గడువు.
నీడలు పాదాల కిందకి చేరేసరికి
పందొమ్మిదేళ్ళ మా అన్న చెయ్యెత్తాడు.
కొండవైపు ఒక వేలు.
నోరు కూడా విప్పలేదు.

నలభైముగ్గురూ ఇళ్ళకొచ్చారు, అన్నతో కలిపి.
ఆ రాత్రి ఊళ్ళో ఏ పొయ్యీ వెలగలేదంటారు.
అబద్ధం. మా ఇంట్లో వెలిగింది.
నాన్న రెండోసారి పప్పు వేయించుకు తిన్నాడు.

ఆ తర్వాత అన్నకి ఎవరూ పిల్లనివ్వలేదు.
కంచరగాడిదల కొట్టంలో ఒక్కడే ఉండేవాడు.
బావి దగ్గరికి వస్తే ఆడవాళ్ళు బిందెలెత్తుకుని జరిగేవాళ్ళు.
రాయి మాత్రం ఎవరూ వెయ్యలేదు, నిజం చెప్పాలి.
రాయి ఎత్తాలంటే ముందు
ఎత్తే చెయ్యి ఇంకా ఎందుకుందో గుర్తురావాలి కదా.

నిన్న గుడిలో విన్నాను:
తండ్రి తన కొడుకుని మనకోసం అప్పగించాడట.
మొన్న రాత్రి చదివిందీ ఆ మాటే:
శిష్యుడు గురువుని అప్పగించాడట.
మాట ఒక్కటే.
ఒకదానికి మోకరిస్తాం,
ఒకదానికి కట్టెలు ఏరుకొస్తాం.
సరిగ్గా ఆ రాత్రే
ఆయన రొట్టె చేతిలోకి తీసుకుని కృతజ్ఞత చెప్పాడట.
దేనికి చెప్పాడో.
ఆ బల్ల దగ్గర పన్నెండుమందీ తిన్నారు.

నేను చదువుకున్నదాన్ని కాదు.
రొట్టె మాత్రం తెలుసు,
మా నాన్న మరో ఇరవై రెండేళ్ళు తెచ్చిపెట్టిన రొట్టె.
అది మానూసోస్ రొట్టె అని గొంతుకి అడ్డం పడేది.
అన్న పెట్టిన రొట్టె అని
ఒక్క పూటైనా అనుకోలేదు.
అనుకున్నా, మానూసోస్ తల్లి గడప ముందు
ఆ మాట అనగలనా?
ఒకడు పోతేనేం, ఊరు దక్కిందని
ఆమె మొహం చూసి అనగలిగినవాడు
ఇంకా పుట్టలేదు.

కోటు జేబులో చెయ్యి పెట్టాను.
గుడ్డుపెంకులు. ఎర్రవి.
ఏళ్ళ తరబడివి, నలిగి పొడైనవి,
వేళ్ళకి రంగంటింది.
అంటే ప్రతి ఈస్టరుకీ
ఎవరో ఆ కొట్టం గడప మీద
ఒక ఎర్రగుడ్డు పెట్టిపోయేవాళ్ళన్నమాట.
మిగిలిన నలభైఇద్దరిలో ఎవరో,
వాళ్ళ పెళ్ళాలెవరో.
నేను కాదు.
తోడబుట్టినదాన్ని. నేను కాదు.

అర్ధరాత్రి గంటలు మోగాయి.
లేచాడు, అన్నారు.
నిజంగా లేచాడు, అన్నాను అందరితో పాటు.
నిప్పు పెట్టారు.
గడ్డి భగ్గుమంది, గోనె మొహం పోయింది.
కోటు మాత్రం చేతులు చాచి
పొగలో నిలబడింది, తడిసిన గొర్రె వాసన కొడుతూ.
"అత్తా, వీడు కాలడేం?" పిల్లాడికి కోపం.
"ఉన్ని, నాయనా. ఉన్ని ఆలస్యంగా కాలుతుంది."

వాడి తాత, ఆనాటి వరుసలో పదకొండోవాడు,
టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.
సెగకి తీశాడో, మరెందుకో.
నేనడగలేదు.

బొత్తాలు ముందే కోసి ఉంచుకున్నాను. ఆరు.
అంత మంట దగ్గర కూడా
గుప్పిట్లో చల్లగానే ఉన్నాయి.