అక్టోబరు కబుర్లు

బడి ఆఫీసులో మిస్ రోవెనా
రెండు పేజీల పచ్చకాగితం నా చేతిలో పెట్టి
"మీ భాషలో రాసిపెడతారా, మూడు కుటుంబాలున్నాయి" అంది.
ఆ మూడింటిలో మాదీ ఒకటని
ఆమె లెక్కలో ఉందో లేదో నేనడగలేదు.

శీర్షిక దగ్గరే మొదటి తగువు.
శరత్తు అంటే వెన్నెల కురుస్తుంది,
శిశిరం అంటే ఇంకా మూడు నెలలుందంటుంది పంచాంగం.
ఇక్కడేమో ఈరీ సరస్సు మీంచి గాలి వచ్చి
బస్సు ఆగేచోట మేపుల్ చెట్టుని
గల్లాపెట్టెలా బోర్లిస్తోంది.
కొట్టేసి, "ఆకులు రాలే నెల కబుర్లు" అని రాశాను.
వార్త అంటే ఎవరో పోయినట్టుంటుంది.

వంటింటి బల్ల మీద, పప్పు ఉడికేలోగా,
పని సాఫీగానే సాగింది.
ఫొటోలో కళ్ళు మూసినవాళ్ళకి ఇరవై రెండున మళ్ళీ తీస్తారు.
పోయిన వస్తువుల పెట్టెలో పదకొండు చేతితొడుగులు,
ఏ రెండూ జత కావు.
నవంబరు మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి,
పిల్లలు మాత్రం పాత గంటకే లేస్తారు, ఓపిక పట్టండి.
రెండో తరగతిలో పేలు కనిపించాయి.
ఇంగ్లీషులో ఆ వాక్యం ఆస్పత్రి వాసన వేసింది,
తెలుగులోకి రాగానే
పెరటి మెట్టు మీద, అమ్మ మోకాళ్ళ మధ్య,
పేలదువ్వెన కింద మెడ వంచుకుని కూచుంది.

రెండో పేజీ అడుగున, నాలుగు గీతల మధ్య,
కుటుంబాలకు... ఏమిటి?
సహకారం అని రాస్తే బ్యాంకు గుమాస్తా గొంతు.
మద్దతు అంటే ఎన్నికల మైకు.
ఆసరా ఎప్పుడో పింఛను పేరైపోయింది.
సాయం అని రాసి, ఆగాను.
సాయం అంటే అందించే చెయ్యి,
సాయం అంటే పొద్దుగుంకే వేళ కూడా,
ఏ గదిలో లైటు వేయాలి, ఏ గదిలో అక్కర్లేదు అని
లెక్కలు వేసుకునే వేళ.

"నూట పన్నెండో గది. మంగళ, గురువారాలు.
చలికోట్లు, బూట్లు. శుక్రవారం సంచిలో
శని ఆదివారాలకు సరిపడా తిండి.
ఎవరూ ఏమీ అడగరు. పక్క తలుపు నుంచి రండి."

మూడేళ్ళుగా ప్రతి అక్టోబరూ చదువుతున్నదే.
ఎప్పుడూ ఎవరి గురించో.
కిందటేడు ఆ గదికి నేనే బియ్యం ఇచ్చాను,
పది పౌన్ల సంచి, రసీదు కూడా వద్దన్నాను.
రాసింది సరిగా ఉందో లేదో అని
తెలుగులో ఒకసారి పైకి చదువుకుంటే
"రండి" అన్న మాట
తలెత్తి నన్నే చూసింది.

హంసిని కోటు చేతులు మణికట్టు దాటి
నాలుగు వేళ్ళు పైకి పోయాయి.
"ఇప్పుడిదే ఫ్యాషన్" అంటోంది.
ఏడేళ్ళ పిల్లకి ఇంత చక్కటి అబద్ధం
ఎవరు నేర్పారు?

గిడ్డంగిలో పెట్టె జారి భుజం పట్టేశాక
ఫణికి ఇది ఆరో వారం.
పక్కగదిలో టీవీ గొంతు తగ్గించి
"ఏం రాస్తున్నావ్?" అన్నాడు.
బడి కబుర్లు.
"ఏమిటట?"
పేలట, అన్నాను.

గురువారం కాగితాలు ఇవ్వడానికి వెళ్ళాను.
ముందు తలుపుకి గంట ఉంది, నొక్కితే తీస్తారు.
చెత్తడబ్బాల మీదుగా చుట్టూ తిరిగి
పక్క తలుపు తోశాను.

లోపల కస్తూరి గారు,
మూడు కుటుంబాల్లో ఇంకొకటి,
ఒక కాలికి పిల్లాడి బూటు కొలత చూస్తూ.
ఇద్దరం చాలాసేపు గోడ మీద గుమ్మడికాయ బొమ్మని చూశాం.
"రెండో తరగతిలో పేలటగా" అంది చివరికి.
అవునట, అన్నాను.
ఆవిడ లేచి, హ్యాంగరు మీంచి ఊదారంగు కోటు తీసి,
లోపలి కుట్టు తిరగేసి, జిప్పు రెండుసార్లు లాగి చూసి,
నా భుజం మీద వేసింది.
"కాస్త వదులే. మీ పాపకి
రెండేళ్ళు వస్తుంది."