నీలం సిరా

నాంగ్ ఖాయ్‌లో ఇమిగ్రేషన్ ఆఫీసు ఎదురుగా
నాది జిరాక్స్ కొట్టు.
కాపీ రెండు బాత్‌లు. ఫొటోలు నిలబడ్డ పాటున తీసిస్తాను.
నల్ల పెన్ను తెచ్చుకున్నవాళ్లకి
నీలం పెన్ను అరువిస్తాను.
సంతకం నల్లగా ఉంటే లోపలున్నాయనకి
అసలేదో నకలేదో తెలీదట.
అలా పోయిన పెన్నులు ఈ ఏడాది ముప్ఫై ఒకటి.

నాకు వాళ్ల భాషలు రావు.
మనుషుల్ని పేజీలతో గుర్తుపెట్టుకుంటాను.
పన్నెండో పేజీలో కాఫీ మరక, స్విస్ ఆయన.
ఫొటోలో నవ్వేసి మళ్లీ తీయించుకున్నావిడ
పేరు పట్టక రెండో వరసలోకి పాకుతుంది.
ప్రెబెన్ గారిది అంచులు ఊడిన ఎర్ర పాస్‌పోర్టు.
ఎక్కడో చలి రేవులో పడవల ఇంజన్లు బాగుచేసేవాడట.
నా మిషన్ మూలిగితే నాకంటే ముందు తనే చెవి ఒగ్గుతాడు.

తొంభై రోజులకోసారి వస్తాడు,
ఇక్కడే ఉన్నానని చెప్పడానికి.
మా అమ్మ అడిగింది ఓసారి:
ఎక్కడికీ పోనివాడు
పోలేదని చెప్పుకోడానికి ఇంత దూరం రావాలా?

ఏడాదికోసారి వీసా పొడిగింపు.
బ్యాంకు పుస్తకంలో ఆ రోజు తేదీ ఉండాలి.
అందుకని పొద్దున్నే వంద బాత్‌లు వేసి
కొత్త గీత ఒకటి కొట్టించుకొస్తాడు.
ఆ గీత పైన ఎనిమిది లక్షలు.
నెలల తరబడి ముట్టుకోకూడదు.
పంటి నొప్పితో దవడ పట్టుకు తిరిగినప్పుడు కూడా
ముట్టుకోలేదు.
చేతికందినా నోటికందని కూడంటే అదే.
పోయాక మాత్రం ఎవరో ఒకరు ముట్టుకోవాలి.
ఆ ఎవరో ఎవరన్నది
కాగితం మీద ఉండాలి.

మార్చిలో పన్నుల ఫారం పట్టుకొచ్చాడు.
పింఛను మీద అక్కడొకసారి కోశారు,
ఇక్కడికి తెచ్చుకున్నందుకు ఇంకోసారి కోస్తారేమోనని బెంగ.
రెండు దేశాలకీ ఒప్పందం ఉందట, నలభై పేజీలు.
నలభైయ్యీ కాపీ తీశాను. ఎనభై బాత్‌లు.
వాటి మీద మాత్రం ఏ దేశానికీ ఏమీ కట్టలేదు మేం.

వానలు పట్టుకున్నాక వీలునామా తెచ్చాడు.
ఎడమ పక్క వాళ్ల భాష, కుడి పక్క మాది.
కుడి పక్క మీద అరచెయ్యి పరిచి నిలబడ్డాడు.
రెండు వేళ్లు చూపించాడు, ఇద్దరు సాక్షులని.
రోజంతా ఊరి సంతకాలు చూసేదాన్ని,
పెట్టడమెంత? పెన్ను తీశాను.

నా మణికట్టు పట్టుకున్నాడు.
పదకొండేళ్లలో మొదటిసారి.
నువ్వు కాదు, అన్నాడు మా భాషలో.
స్వరం జారి, కాదు అన్నది
కొత్త అన్నట్టు వినబడింది.

ఒళ్లు మండింది నాకు.
మోటార్‌సైకిల్ టాక్సీ బున్‌లెర్ట్ పనికొస్తాడు,
కోడి కాళ్లు కాల్చే పిల్ల పనికొస్తుంది,
నేను పనికిరానా?
వాళ్లే పెట్టారు, నా పెన్నుతోనే.
చిల్లరతో సహా లెక్క చూసి తీసుకున్నాను.

రెండు వారాలకి వకీలు అమ్మాయి
ఇంకెవరివో కాగితాలు తీయించుకుంటూ
మాటల్లో మాటగా అంది:
సాక్షి సంతకం పెట్టినవాళ్లకి
ఆ వీలునామాలో చిల్లిగవ్వ రాదక్కా.

మిషన్ ఆగలేదు. గాజు కింద పచ్చటి వెలుతురు
అటు వెళ్లింది, ఇటు వచ్చింది.
మీవి పదహారు పేజీలా, పదిహేడా, అని అడిగాను.
మళ్లీ అడిగాను.

ఏం రాశాడో ఆయన్ని అడగలేదు.
పనిముట్ల పెట్టో, టేబుల్ ఫ్యానో,
ముట్టుకోని ఆ లక్షలో.
అడిగితే చెప్తాడేమోనని భయం.

మొన్న మళ్లీ తొంభై రోజులు.
తడి గొడుగు బయటే వదిలి వచ్చాడు.
ఇక్కడే ఉన్నాను, అన్నాడు, ఈసారి స్వరం తప్పకుండా.
ఆ మాట చెప్పాల్సింది ఎదురాఫీసులో.
నేను సరిదిద్దలేదు.
పాస్‌పోర్టు గాజు మీద బోర్లించి మూత వేశాను.

వెళ్తూ వెళ్తూ పెన్ను జేబులో పెట్టుకుపోయాడు.
ముప్ఫై రెండు.