ఠక్

యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఒకసారి,
మళ్ళీ వేస్తే ఇంకోసారి.
నా నీవా నడుం కింద ఎవరో
చిన్న సుత్తి పట్టుకు కూర్చున్నట్టు
ఠక్.

గ్యుమ్రి నుంచి అషోత్స్క్ దాకా
మంచు కరిగి బురదైన దారిలో
పద్నాలుగు ఊళ్ళ ఆవులకి నేనొక్కత్తినే డాక్టర్ని.
పొదుగు వాపులు, అడ్డం తిరిగిన దూడలు,
గొంతులో ఇరుక్కున్న బంగాళాదుంపలు,
అన్నిటికీ ఏదో ఒకటి ఉంది నా పెట్టెలో.
దీనికి లేదు.

తలా ఒక మాట చెప్పారు.
జున్ను అమ్మే అర్షలూయిస్:
"డిఫరెన్షియల్ పోయింది, నా మాట విని అమ్మేయ్."
పెట్రోలు బంకు కుర్రాడు: "ఇంజను కింది రబ్బర్లు."
మా బావగారు, బండి ఎక్కకుండానే:
"నువ్వు క్లచ్ తొక్కే తీరు."
ఇరవై వేల ద్రామ్‌లు పోసి రబ్బర్లు మార్పించాను.
రోగం ఒకచోట, మందు ఒకచోట.
ఠక్.

హమాజాస్ప్ షెడ్డు రైలు పట్టాల అవతల.
భూకంపం మిగిల్చిన సగం నల్లరాతి గోడ,
మిగతా సగానికి రేకు.
మనిషికి ఎడమచెవి వినపడదు.
చప్పుడు వెతకడానికి ఒంటిచెవి మనిషా
అనుకున్నాను, పైకి అన్లేదు.
అతనే అన్నాడు:
"రెండు చెవులుంటే ఎటునుంచి వస్తోందో తెలుస్తుంది.
ఒక్కటే ఉంటే దగ్గరికి వెళ్ళాలి."

చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టాడు,
గేర్ తీసేశాడు,
గుంతలోకి దిగి పైకి చూసి
"నీ మెడలోది ఇటివ్వు" అన్నాడు.
ఇవ్వలేదు. నేనే దిగాను.
ఆవు డొక్కకి ఆనించినట్టే
ఆ ఇనప కడుపుకి స్టెతస్కోపు బిళ్ళ ఆనించాను.
అతను రెండు చేతుల్తో షాఫ్ట్‌ని
ఇటు కాస్త, అటు కాస్త తిప్పుతున్నాడు.
ముందు క్రాస్ దగ్గర మెత్తటి నిశ్శబ్దం.
గేర్ పెట్టె దగ్గర ఒక నూనె గుటక.
వెనక క్రాస్ దగ్గర
అతని చెయ్యి తిరిగింది,
ఇనుము తిరగలేదు.
రెప్పపాటు ఆగి, అప్పుడు తిరిగింది.

"ఇక్కడ" అన్నాను.
వినని చెవి వైపు నుంచి అన్నాను కాబోలు,
మళ్ళీ చెప్పాల్సొచ్చింది.

ఏ అంచు ఏ అంచుకి ఎదురో
ముందే సుద్దతో గీత గీసి ఊడదీశాడు.
సుత్తి దెబ్బకి చిన్న ఇనప టోపీ బయటపడింది.
లోపల వరసగా సూదులుండాల్సిన చోట
ఎర్రటి తుప్పు,
ముక్కుపొడుం డబ్బీలో అడుగున మిగిలినంత.

గ్రీజు నిపుల్ మీద మట్టి పెంకు కట్టింది.
గోటితో గీకాడు. పక్కన నీలంరంగు చుక్క.
చాలాసేపు చూశాడు దాన్ని.
"ఈ చుక్క నాదే.
ఆరేళ్ళయింది, పాత యజమాని తెచ్చాడు.
గ్రీజు కొట్టాక చుక్క పెడతాను, అది నా అలవాటు.
ఆ రోజు చుక్క ముందు పెట్టాను.
ఇంతలో ఫోనొచ్చింది."
ఏం ఫోనో చెప్పలేదు.
ఆవులు కూడా చెప్పవు,
అడక్కుండా ఉండటం నాకు అలవాటే.

కొత్త క్రాస్ బిగించి
నాలుగు వైపులా గ్రీజు వెలికొచ్చేదాకా కొట్టి,
గుడ్డతో తుడిచి,
మరోసారి కొట్టి,
అప్పుడు వెతికాడు నీలం రంగు డబ్బా కోసం.
మూత ఎండిపోయి రాలేదు.
నా పెట్టెలో గొర్రెలకి గుర్తు పెట్టే ఆకుపచ్చ ఉంది, ఇచ్చాను.
సామానుకే డబ్బు తీసుకున్నాడు.
మిగతాది నా కోటు జేబులో కుక్కి
రేకు తలుపు వేసేసుకున్నాడు.

సాయంత్రం, అషోత్స్క్ ఎక్కుడు దారి.
కాలు తీశాను. ఏమీ లేదు.
వేశాను. ఏమీ లేదు.
ఇన్నాళ్ళూ ఆ ఠక్కు కింద నలిగిపోయిన చప్పుళ్ళు
ఒక్కొక్కటే నిద్ర లేచాయి:
పెట్టెలో సీసాలు ఒకదాన్నొకటి పలకరించుకోడం,
సీటు కింద తాడు కొక్కెం,
ఎడమ తలుపు కడుపులో
ఎప్పుడో జారిపడ్డ మర,
కుడి ముందు చక్రం దగ్గర
చాలా చిన్నగా
ఏదో.

స్టెతస్కోపు పక్క సీట్లో ఉంది.
పైన ఊళ్ళో ఆవు ఈనలేక పడుకుంది.
ముందు అది.