ఎడమచేతి పొట్లం

తెల్లారి అయిదున్నరకి
నరసాపురం ఏటిగట్టు ఎవరిదీ కాదు, అందరిదీ.
పాలక్యాన్ల సైకిలుది,
లేసుదారం సంచి నెత్తినెట్టుకొచ్చే అక్కచెల్లెళ్ళది,
షుగరు మాత్ర వేసుకుని చేతులూపుకుంటూ నడిచే మాస్టార్లది,
మా బఠాణీది, నాది.

బఠాణీ ఆగే చోటొకటి ఉంది.
తూము దాటాక, వలలు ఆరేసే చోటికి పదడుగులు ఇవతల.
మూడు చుట్లు తిరిగి, నడుం వంచి
నా మొహంలోకి చూసేది.
నేను వశిష్ఠ వైపు చూసేదాన్ని.
అవతలి ఒడ్డున సఖినేటిపల్లి కొబ్బరితోటలు
ఆ ఒక్క నిమిషమే నాకంత అందంగా కనబడేవి.

ముప్పైరెండేళ్ళు ప్రసూతి వార్డులో చేశాను.
ఈ చేతులు ఎత్తనిది లేదు, కడగనిది లేదు.
గట్టు మీద వంగడానికి మాత్రం
నడుముకి నామోషీ.
వరదొస్తే గోదారే కడుక్కుపోతుందిలే అనుకునేదాన్ని,
గోదారి నా దగ్గర జీతానికున్నట్టు.

ఒకనాడు కొల్లాటి పల్లాలమ్మ
తడివల భుజానేసుకుని, చెప్పుల్లేని కాళ్ళతో
నా ముందొచ్చి నిలబడింది.
తిట్టలేదు.
మడమ ఎత్తి చూపించింది.
"నర్సమ్మగారూ, మావోడు పుట్టినప్పుడు
మీరే కదా తుడిచింది" అంది.
అంతే.
మెట్లు దిగి పాదం జాడించుకుంటుంటే
ఆ నీళ్ళ చప్పుడు
నేను ఇంటికెళ్ళి కాఫీ కలుపుకునేదాకా వినబడింది.

మర్నాడు కొబ్బరి డొప్ప, పాత తాపీ పట్టుకెళ్ళాను.
గట్టు వార గొయ్యి తీస్తుంటే
లస్కరు అబ్బులు సైకిలు దిగేశాడు.
"ఆయ్, గట్టుని గిల్లకూడదండీ.
ఎలకబొరియంత చాలు, శ్రావణంలో గండి పడ్డానికి."
నిజమే.
ఎనభయ్యారు వరదలో మంచం మీద మంచమేసి
పైన బాలింతని పడుకోబెట్టినదాన్ని,
నాకొకడు చెప్పాల్సొచ్చింది.

గేదె పేడకి ఈ గట్టు మీద పోటీ.
పడీపడకముందే తట్ట సిద్ధం.
పిడకకి గోడుంది, గోడకి ఆసామీ ఉన్నాడు.
దీనికే దిక్కూ మొక్కూ లేదు.

ఇప్పుడు జిల్లా పేపరు చింపి పట్టుకెళ్తున్నాను.
శంకుస్థాపనల రంగుపేజీ మందంగా ఉంటుంది, తడవదు.
పొట్లం కట్టి, ఎడమచేత్తో పట్టుకుని
పంటు రేవు దగ్గర మునిసిపాలిటీ డబ్బా దాకా
కిలోమీటరున్నర.
ఎదురొచ్చిన వాళ్ళకి ఒంటిచేతి దండం.
టిక్కెట్ల కుర్రాడు చూసి చూసి అడిగేశాడు:
"ఏంటండి మేడంగారూ, జున్నా?"
"కాదురా, నా పరువు" అన్నాను.

ఎరువుల కొట్టు సోమరాజుగారి కుక్క దూడంత ఉంటుంది.
గొలుసు మాత్రం ఆయన మెడలో.
"ఏమీ చెయ్యదండి, మంచిది" అంటారు.
అప్పటికే లేసు అక్కచెల్లెళ్ళు గట్టు దిగి
తుమ్మపొదలో నిలబడి ఉంటారు.
నా పొట్లం చూసి నవ్వారాయన:
"ఊళ్ళో వీధికుక్కలు రెండొందలున్నాయి.
వాటికెవరు కడతారండీ?"
జవాబు నా దగ్గర లేదు.
వాటిని పేరెట్టి పిలిచినవాళ్ళు లేరు,
మీరు పిలుస్తున్నారు కదండీ, సీజరూ అని...
అనబోయి, అనలేదు.
రెండో కాగితం చాచాను.
అందుకుని
అందులో బంగారం ధర చదువుకుంటూ వెళ్ళిపోయారు.

నిన్న ఎర్రనీరొచ్చింది. మెట్లు నాలుగు మునిగాయి.
బఠాణీకి పదమూడేళ్ళు.
మూడు చుట్లు ఓపలేక ఒకదాంతో సరిపెట్టుకుంటోంది.
అది నా మొహంలోకి చూస్తే నేనూ చూస్తున్నాను.
వంగితే మోకాలు కటుక్కుమంది.

వెనకాలే పల్లాలమ్మ వచ్చింది, వల భుజానేసుకుని.
పలకరించలేదు.
నేలకేసి చూడకుండా
ఏటికేసి చూస్తూ
నడిచిపోయింది.